దండు నుంచి బొగ్గు కొట్టుకు

ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి ఎత్తే బోనాలను జనం ఈనాటికీ లష్కర్ బోనాలనే అంటారు. లష్కర్ అంటే దండు. దండు విడిసిన ఊరు కాబట్టి సికింద్రాబాద్‌కు లష్కరన్న పేరు వచ్చింది. ఆ గుడి కట్టించాడని చెప్పే సురిటి అప్పయ్య కూడా ఆ దండువాడే, డోలీ మోసేవాడు. 1813లో ఉజ్జయినిలో ఉండగా కలరా పెచ్చరిల్లితే అమ్మకు మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడనీ చెప్పుకుంటారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇదే మాట ఇంకో బతుకు బతుకుతోంది. అక్కడ లస్కరంటే కాలువ గట్ల వెంట తిరిగి గండ్లు చూసుకుంటూ, లాకుల తలుపులూ తూముల షట్టర్లూ ఎత్తి దించే నీటిపారుదల శాఖ చిరుద్యోగి. సేనకు పేరైన మాట కాలువ గట్టు మీది కాపలా మనిషికి ఎలా దిగింది? దాని దారి సముద్రం మీదుగా పోతుంది. ఆ దారి పొడుగునా పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి, మిగిలిన పేర్లు మాత్రం చాలా తక్కువ.

పారశీకంలో పుట్టినప్పుడు అది రాజసమున్న మాట. లష్కర్ కదిలిందంటే ఏనుగులు, గుర్రాలు, ఫిరంగులు, డేరాలు, వాటి వెంట అంగళ్లతో సహా ఒక పట్నమే కదిలినట్టు లెక్క. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఆ మాట అందుకుని తమ కొలువులో చేరిన స్థానిక సిపాయిలను లస్కరీన్లన్నారు. సింహళంలో ఆ లస్కరీన్లకు మాన్యాలుండేవి, మర్యాదలుండేవి, అలిగి ఎదురు తిరిగే తెగువా ఉండేది. 1594లో దంతూరె దగ్గరా, 1630లో రందెణివెల దగ్గరా వాళ్లు పక్షం మార్చడంతోనే పోర్చుగీసు సేనలు తుడిచిపెట్టుకుపోయాయి. సేనానులు కూడా ప్రాణాలతో మిగల్లేదు. ఆ రోజుల్లో లస్కరు చేతిలో ఆయుధం ఉంది. ఎవరి పక్షాన నిలవాలో తేల్చుకునే హక్కు ఉంది.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాక ఆయుధం జారిపోయింది. కంపెనీ సైన్యంలో గన్ లస్కరంటే ఫిరంగిని తోసేవాడు, టెంట్ లస్కరంటే గుడారం పాతేవాడు. సేనకే పేరైన మాట సేనకు ఊడిగం చేసేవాళ్ల పేరయింది. పదిహేడో శతాబ్దం నుంచి అదే మాట ఓడలెక్కింది. హిందూ మహాసముద్రం చుట్టూ ఏ రేవులో ఎక్కినవాడైనా సరే, గుజరాతీ, కొంకణీ, బెంగాలీ, మలయాళీ, అరబ్బు, మలయ్ అన్న తేడా లేకుండా తెల్లదొరల జమాఖర్చుల్లో అందరూ లస్కర్లే.

అయినా తొలినాళ్లలో ఆ ఓడ జీవితానికి దానిదైన మర్యాద ఉండేది. లస్కర్ల మీద పెద్ద సరంగు, ఆయన కింద టిండేలు, చుక్కాని పట్టేది సుక్కాని, వండిపెట్టేది భండారి, ఊడ్చి కడిగేది తోపాజు. సరంగే తన ఊరి నుంచీ, తన చుట్టాల నుంచీ మనుషుల్ని కూడగట్టి ఓడకెక్కించేవాడు. వాళ్లకు అప్పిచ్చేదీ ఆయనే, జీతంలో వాటా కోసుకునేదీ ఆయనే. కుర్రవాళ్లకు నీడా ఆయనే, సంకెలా ఆయనే. పారశీకం, హిందుస్తానీ, పోర్చుగీసు, ఇంగ్లీషు కలిసిపోయిన లస్కరీ అనే భాష ఓడల మీద పుట్టింది. తెరచాప ఎత్తాలన్నా, లంగరు దించాలన్నా తెల్ల కెప్టెను ఆ భాష నేర్వక తప్పలేదు. 1811లో థామస్ రోబక్ నావికుల ఇంగ్లీషు-హిందుస్తానీ నిఘంటువు అచ్చు వేయించింది అందుకే. ఆ ఓడల మాటలు మన రేవుల్లోనూ దిగాయి. గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి ఇప్పటికీ సరంగనే పిలుస్తాం. విశాఖ రేవులో బరువులెత్తేవాళ్లు కళాసీలు.

పతనం పైకి ఉపకారంలాగే మొదలైంది. 1660 నాటి ఇంగ్లండు నౌకా చట్టం ప్రకారం ఓడ సిబ్బందిలో నాలుగింట మూడొంతులు ఇంగ్లీషువాళ్లే ఉండాలి. కానీ ఇండియా నుంచి సరుకుతో బయల్దేరే ఓడల్లో తెల్ల నావికులు సగం మంది జబ్బుపడో, చచ్చిపోయో, పారిపోయో ఉండేవాళ్లు. వాళ్ల చోటు లస్కర్లు నింపేవాళ్లు. లండన్ చేరాక వీళ్లతో పని తీరిపోయేది. తిరుగు ఓడ దొరికేదాకా నెలల తరబడి వీధుల్లో చలికి వణికేవాళ్లు. 1786లో లండన్ పెద్దమనుషులు నల్ల పేదల సహాయ సంఘం పెట్టింది మొదట వీళ్లను చూసే. నెపోలియన్ యుద్ధాలకు తెల్ల నావికుల్ని నౌకాదళం లాక్కుపోయాక లండన్ చేరే లస్కర్ల లెక్క ఏటా వెయ్యి దాటింది. వాళ్లను ఉంచిన షాడ్వెల్ బసను పార్లమెంటు సంఘం చూడబోతే పరుపులు లేవు, చలిమంట లేదు. కొరడా దెబ్బలు తిన్నామని లస్కర్లు సాక్ష్యం చెప్పుకున్నారు. సంఘం నివేదిక 1815లో వచ్చింది.

ఆ నివేదిక తర్వాత వచ్చిన చట్టం గాయం కడిగినట్టే కడిగి చెయ్యి నరికింది. 1823 నాటి చట్టంలో లస్కర్లకు తిండి, బట్ట, తిరుగు ప్రయాణం ఇప్పించే పూచీ ఉంది. దాని పక్కనే ఇంకో మాటా ఉంది: బ్రిటిష్ ఏలుబడిలోని గడ్డ మీద పుట్టినా సరే, ఆసియా నావికుడు బ్రిటిష్ నావికుడు కాడు. ఆ ఒక్క వాక్యంతో లస్కరన్నది పని పేరు కాకుండా పోయి, తక్కువ జీతానికి చట్టం వేసిన ముద్రగా మారింది. అదే ఓడ, అదే తుఫాను, జీతం మాత్రం తెల్లవాడిదాంట్లో మూడో వంతో, నాలుగో వంతో. 1857లో లండన్ రేవు పక్కన లైమ్‌హౌస్‌లో ఆసియా, ఆఫ్రికా, దక్షిణ సముద్ర ద్వీపవాసుల కోసం ఒక ఆశ్రయం తెరిచారు. దానికి పేరు పెట్టడంలోనే వాళ్లెవరో చెప్పేశారు: పరాయివాళ్ల ఇల్లు.

ఆవిరి వచ్చింది. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకుంది. తెరచాప ఓడలో లస్కరు ఆకాశం కింద పనిచేసేవాడు. ఆవిరి ఓడ అతన్ని అడుగు అంతస్తుకు దించింది. అక్కడ కొలిమిలో బొగ్గు వేసేవాడు ఆగ్‌వాలా, బొగ్గు మోసి తెచ్చేవాడు కోయ్‌లావాలా. ఎర్రసముద్రంలో ఎండాకాలం బాయిలర్ గది వేడికి స్పృహ తప్పేవాళ్లు కొందరు, ఆ వేడికి ఓర్వలేక పైకి పరుగెత్తి నీళ్లలో దూకేసినవాళ్లు కొందరు. సిల్హెట్, మీర్పూర్ పల్లెల నుంచి రైతుబిడ్డలు ఈ పనికి వరసలు కట్టారు. నల్లవాళ్లు వేడికి తట్టుకుంటారన్నది కంపెనీల వాదం. అదే నోటితో చలికి తట్టుకోలేరనీ అన్నారు. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో చలికాలం 38వ అక్షాంశం దాటించి వాళ్లను తీసుకుపోకూడదని ఒప్పందంలో రాశారు. ఆ నిబంధన వాళ్ల ఆరోగ్యం కన్నా తెల్ల నావికుల కొలువులనే ఎక్కువ కాపాడింది.

పడుకునే చోటుకూ చట్టం కొలత పెట్టింది. తెల్ల నావికుడికి 72 ఘనపుటడుగులు, 1906లో దాన్ని 120కి పెంచారు. లస్కరుకు 36. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు వేసి చూస్తే ఆ లెక్క సరిపోతుంది, శవపెట్టె కన్నా కాస్త విశాలం. 1914 నాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో ఇలాంటివాళ్లు 51 వేలకు పైగా ఉన్నారు. ఆరుగురిలో ఒకడు లస్కరే.

చట్టం దించిన మాటను కథలు బురదలో పొర్లించాయి. 1891లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ కథ ఒకదానిలో లండన్ నల్లమందు కొంపను నడిపే దుర్మార్గుడు లస్కరే. 1922లో పీ అండ్ ఓ అనే ఓడల కంపెనీ వారి ఈజిప్ట్ నౌక ఫ్రాన్సు తీరాన పొగమంచులో ఇంకో ఓడ గుద్దుకుని మునిగితే, పడవల దగ్గర లస్కర్లే తొక్కిసలాడారని పత్రికలు ఎగబడ్డాయి. పడవలు దించే సాధన సిబ్బందికి సరిగా చేయించలేదని ఆ తర్వాత విచారణలో బయటపడింది. సీతాకోకచిలుకలకు పేర్లు పెట్టిన దొరలు కూడా ఈ మాటను వదల్లేదు. నలుపు మీద నారింజ చారలున్న ఒక అడవి చిలుకను వాళ్లు లస్కరన్నారు. దాని చుట్టాల్లో ఒకదానికి సార్జంటు పేరు దక్కింది.

ఇలా పడ్డ మాట ఇదొక్కటే కాదు. గోదావరి పాయ మీద ఓడలు కట్టిన కోరంగి, 1789, 1839 ఉప్పెనలకు చితికిపోయిన రేవు. ఆ ఊరి పేరు బర్మాలో తెలుగు కూలీల పేరయింది. రంగూన్‌లో కోరంగీ అంటే ఎత్తిపొడుపు. 1930 మేలో అక్కడి రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. వాళ్ల చోట బర్మీయుల్ని పనిలోకి తెచ్చి, సమ్మె తీరాక ఆ బర్మీయుల్ని పొమ్మనడంతో అల్లర్లు రేగాయి, మనవాళ్లు వీధుల్లో హతమయ్యారు. రేవుల పేర్లూ, దండుల పేర్లూ అలా చవక కూలికి మారుపేర్లవుతూ వచ్చాయి.

యుద్ధాలొచ్చినప్పుడు మాత్రం అక్షాంశాల గీతలు చెరిగిపోయాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మునిగిన ఓడల్లో మూడు వేలకు పైగా లస్కర్లు పోయారు. కలకత్తా హేస్టింగ్స్‌లో, హుగ్లీ ఒడ్డున, 1924లో వాళ్లకొక స్తంభం లేపారు. నాలుగు వైపులా ఓడ ముక్కులు, పైన మినార్లు, మొత్తం వందడుగులు. బెంగాల్, అస్సాంలకు చెందిన 896 మంది నావికుల స్మృతికది. చాలాకాలం దాని మొహం చూసిన నాథుడు లేడు. 1990ల్లో నౌకాదళం పూనుకుని బాగుచేయించింది.

1939లో రెండో యుద్ధం మొదలయ్యేసరికి లస్కర్లు నోరు విప్పారు. ఇంగ్లండు రేవుల్లో, దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఓడ తరవాత ఓడ ఆగింది. జీతం రెట్టింపు చేయమన్నారు, తెల్లవాళ్లతో సమానంగా యుద్ధ భత్యం ఇమ్మన్నారు. వందలమంది జైలుకు పోయారు. లండన్ తూర్పు కొసన సూరత్ అలీ, కలకత్తాలో అఫ్తాబ్ అలీ వాళ్ల తరఫున కొట్లాడితే జీతాలు పెరిగాయి, సమానత్వం మాత్రం రాలేదు. సింహళ యుద్ధాల తర్వాత మూడు వందల ఏళ్లకు లస్కరు తన పక్షం తాను తేల్చుకున్న ఘడియ అది. ఆ యుద్ధం ముగిసేలోగా ఆరు వేలకు పైగా భారతీయ నావికులు పోయారు. ఓడ మునిగిన వార్తల్లో తెల్లవాళ్లకు పేర్లు వేసేవాళ్లు, తక్కినవాళ్లకు ఇంతమంది లస్కర్లని అంకె వేసి ఊరుకునేవాళ్లు.

దేశం విడిపోయింది, నావికుల పల్లెలు మూడు జెండాల కిందికి చీలాయి. ఆయిల్ ఇంజన్లు బొగ్గు కొట్లను మూయించాయి, కంటైనర్లు సిబ్బందిని కుదించాయి. ఓడలు వదిలి లండన్‌లో నిలిచిపోయిన సిల్హెట్ వాళ్లు హోటళ్లు పెట్టి ఇంగ్లీషువాళ్లకు కూర రుచి మప్పారు. 1943లో భారతీయ నావికుల సంక్షేమ సంఘం పెట్టిన అయూబ్ అలీ హోటలు ఊరు తెలియని కుర్రాళ్లకు పుట్టిల్లు. లస్కరన్న మాట మెల్లగా నిఘంటువుల అడుగుకు జారింది. మన కాలువల మీద కూడా అంతే. రిటైరైన లస్కర్ల ఖాళీలు ఏళ్ల తరబడి నింపకుండా వదిలేసి, అవసరం ముంచుకొచ్చినప్పుడు కాంట్రాక్టు మీద మనుషుల్ని పెట్టుకుంటున్నారు.

మాట పోయినా 1823 నాటి వాక్యం పోలేదు. బ్రిటన్ సమానత్వ చట్టానికి అనుబంధంగా నావికుల కోసం 2011లో రాసిన నిబంధనలు, ఆసియా దేశాల్లో కుదుర్చుకొచ్చిన నావికుడికి జాతీయతను బట్టి తక్కువ జీతం ఇవ్వడానికి ఇప్పటికీ సందు వదిలాయి. 2022 మార్చిలో, లస్కర్ల చెమట మీద బతికిన పాత కంపెనీ పేరు మోస్తున్న పీ అండ్ ఓ ఫెర్రీస్ దాదాపు 800 మంది నావికుల్ని ఉన్నపళాన తీసేసింది. వాళ్ల చోట ఏజెన్సీల ద్వారా భారతదేశం, ఫిలిప్పీన్స్ వంటి చోట్ల నుంచి మనుషుల్ని తెచ్చింది. గంటకు సగటున అయిదున్నర పౌన్లు ఇస్తున్నామని సంస్థ అధిపతి పార్లమెంటు సంఘం ముందు ఒప్పుకున్నాడు. ఆనాటికి ఆ దేశంలో కనీస వేతనం 8.91 పౌన్లు. అంతర్జాతీయ జలాల మీద అది చెల్లుతుందన్నాడు. బ్రిటిష్ నావికులకు జరిగిన అన్యాయానికి దేశమంతా మండిపడింది, మండిపడాల్సిందే. కానీ ఆ తక్కువ కూలిని రెండు వందల ఏళ్లుగా చట్టబద్ధంగా తీసుకుంటున్నవాళ్ల గురించి ఎవరూ అంతగా నొచ్చుకోలేదు. లస్కరనే మాట వాడుకలోంచి పోయినందుకు ఏడవక్కర్లేదు. దానితోపాటే పోవాల్సిన ఆ వాక్యం ఇంకా అమల్లో ఉన్నందుకే ఏడవాలి.