దేవిడీల ముంగిలి నుంచి మురగీ చౌక్ దాకా: పాతబస్తీ పెంపుడు పక్షుల చరిత్ర

హైదరాబాద్ పాతబస్తీలో మిద్దెలు పావురాలవి కాగా, ఇళ్ల నడుమ ఉండే ఆరుబయలు నేల మీద తిరిగే పెద్ద పక్షులది. నాటుకోడి, అసీల్ జాతి పందెంకోడి, గినీకోడి, టర్కీకోడి, సంపన్నుల తోటల్లో నెమలి ఈ రెండో కోవకు చెందుతాయి. పావురాల పెంపకం గురించి, కబూతర్‌బాజీ అనే వాటి పందేల గురించి చాలామంది రాశారు గానీ, ముంగిలి పక్షుల చరిత్ర అంతగా పట్టించుకోబడలేదు. నిజానికి ఈ పక్షుల రాకపోకలను పరిశీలిస్తే నగరంలో ఇంటి స్థలం ఎలా పంపకమైందో, ఎవరి చేతుల్లోకి మారిందో తెలుస్తుంది.

ఆసఫ్‌జాహీ కాలంలో అమీరులు, జాగీర్దార్లు ఎత్తయిన ప్రహరీల లోపల కట్టుకున్న నివాస సముదాయాలను దేవిడీలు అనేవారు. పురుషులు అతిథులను కలుసుకునే మర్దానా, స్త్రీలు ఉండే జనానా, వంటశాల, నౌకర్ల గదులు, వీటన్నిటి మధ్య సహన్ అనే విశాలమైన ముంగిలి, అందులో హౌజ్ అనే నీటితొట్టి ఈ సముదాయంలోని ముఖ్య భాగాలు. నేల మీద మేసే పక్షికి ఇంతకంటే అనువైన చోటు నగరంలో దొరకదు: ప్రహరీ ఉన్నందున దారితప్పిపోదు, వంటింటి గింజలూ మెతుకులూ మేతకు సరిపోతాయి, చెట్ల కింద చెదలు, జెర్రులు, పురుగులు దొరుకుతాయి, రాత్రికి దర్బా అనే కోళ్లగూడు ఉంటుంది. పరదా పాటించే స్త్రీలకు గడప దాటకుండా చేయగలిగిన పోషణ ఇది; కొత్తవారు కనబడగానే గుంపుగా అరిచే గినీకోడి కాపలాకు కూడా పనికివచ్చేది.

ఈ గుంపులో అన్నీ ఈ నేలవి కావు. గినీకోడి ఆఫ్రికా పక్షి. మెక్సికో ప్రాంతంలో పెంపుడు జంతువైన టర్కీకోడి పోర్చుగీసు ఓడల వర్తకం వల్ల గోవాకు చేరింది. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత వస్తువులతోపాటు ఆ పక్షి జహంగీర్ చక్రవర్తి ఆస్థానానికి రాగా, మన్సూర్ అనే చిత్రకారుడు దాని బొమ్మ గీశాడు. కోడి మాత్రం ఈ నేలదే. 12వ శతాబ్దపు పల్నాటి వీరుల కథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు పణం పెట్టి ఆడిన కోడిపందెం రాజ్యాల తగవుకు మూలమైనట్లు చెప్పుకోవడం, డేగ, కాకి, నెమలి, కౌజు అంటూ రంగును బట్టి పుంజులకు పేర్లు పెట్టుకోవడం తెలుగు నేలలో ఈ అలవాటు ఎంత పాతదో తెలుపుతాయి.

పాతబస్తీలో ఈ ఆసక్తికి అసీల్ జాతి కేంద్రం. నిటారుగా నిలబడే పొడవైన దేహం, బిగుతైన కండరాలు, చిన్న తురాయి దీని లక్షణాలు. ఎదిగిన పుంజు 4 నుంచి 5 కిలోలు తూగుతుంది, పెట్ట మాత్రం గుడ్లు తక్కువగా పెడుతుంది. నగరానికి దక్షిణాన చాంద్రాయణగుట్ట దగ్గర, నిజాం సైన్యంలో చేరేందుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు నివసించే బార్కస్, ఈ జాతి పెంపకానికి పేరుపొందింది. బార్కస్ ఇళ్లు అమీరుల దేవిడీలంత పెద్దవి కాకపోయినా వాటికి పెరళ్లు ఉండటం వల్ల పుంజులను విడివిడిగా పెంచడం, మేపడం, పోరుకు అలవాటు చేయడం సాధ్యపడింది. పందేలను చట్టం నిషేధించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువులను పోట్లాటకు ప్రేరేపించడం నేరం. అయినా జాతి స్వచ్ఛత మీద, పుంజు రూపం మీద మమకారం చెరిగిపోలేదు.

కొనుగోళ్లకు మహబూబ్ చౌక్ ఉండేది. చార్మినార్‌కు పడమరన, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన ఈ చౌరస్తాలో అప్పటి ప్రధానమంత్రి ఆస్మాన్ జా 1892లో గడియార స్తంభం కట్టించాడు. దాని పక్కనే కోళ్లు, బాతులు, టర్కీలు, గినీకోళ్లు అమ్మే దుకాణాలున్నందున ఆ చోటు మురగీ చౌక్‌గా జనం నోట స్థిరపడింది. పెంపకందారులే కాదు, కీడు తొలగాలని కోడిని సద్ఖాగా, అంటే దానంగా ఇచ్చే ముస్లిం కుటుంబాలు, ఆషాఢంలో లాల్‌దర్వాజా మహంకాళికి బోనంతోపాటు కోడిని మొక్కుకునే హిందూ కుటుంబాలు కూడా ప్రాణంతో ఉన్న నాటుకోడి కోసం చూసేవారు. అందువల్ల ఈ వర్తకం ఒక మతానికీ ఒక వర్గానికీ పరిమితం కాలేదు.

ముంగిలికి దెబ్బ తగిలింది 1948 సెప్టెంబరు తర్వాత. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమై, 1949లో జాగీర్దారీ రద్దయ్యాక, రాబడి పోయిన కుటుంబాలు దేవిడీలను ముక్కలుగా అమ్ముకున్నాయి. దేవిడీల వాడుక కూడా మారింది: సాలార్‌జంగ్ వంశీకుల దివాన్ దేవిడీలో 1951 డిసెంబరు 16న ప్రదర్శనశాల ప్రారంభమై, 1968లో అది కొత్త భవనానికి మారింది. సహన్‌లు ఇళ్లుగా, దుకాణాలుగా, గోదాములుగా మారాక పక్షికి మిగిలినది ఇనుపజాలీ పంజరమో, మిద్దె మూలో. కొద్ది దశాబ్దాల్లోనే బ్రాయిలర్ కోడి చౌకగా దొరకడంతో ఇంట కోడిని పెంచే అవసరం తగ్గింది. మరోవంక 1963లో జాతీయ పక్షిగా ప్రకటితమైన నెమలికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ కల్పించగా, 1991 నాటికి దేశవాళీ అడవి పక్షుల వ్యాపారమంతా నిషేధంలోకి రావడంతో, అమీరుల తోటల్లో ఒకనాటి అలంకారమైన నెమలి జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ ఉద్యానవనం వంటి రక్షిత అడవులకే పరిమితమైంది.

పెరటి కోడికి కొత్త ఊపిరి మాత్రం పాతబస్తీకి కూతవేటు దూరంలోనే అందింది. 1988లో రాజేంద్రనగర్‌లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలను రూపొందించింది. ఇవి నాటుకోడిలా ఆరుబయట మేస్తూనే దానికంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అసీల్ జాతిని పరిరక్షించడం కూడా ఆ సంస్థ చేపట్టిన పనుల్లో ఒకటి. అయితే ప్రయోగశాల జాతిని నిలపగలదే గానీ పెంపకపు నేర్పును నిలపలేదు; ఆ నేర్పు బార్కస్ పెరళ్లలో, మురగీ చౌక్ దుకాణదారుల దగ్గర ఉంది. పాతబస్తీ పునరుద్ధరణ ప్రణాళికలు రాతి కట్టడాలకు ఇచ్చినంత విలువ ఈ పెంపకందారులకు, వారి వర్తకానికి కూడా ఇవ్వడం అవసరం.