రియల్ ఎస్టేట్‌లో ఎమ్మెస్సా?

హన్మకొండలో ఉండే మా చిన్నాయన కొడుకు సివిల్ ఇంజనీరింగ్ అయిపోగానే అమెరికాలో రియల్ ఎస్టేట్ ఎమ్మెస్‌కి సీటు తెచ్చుకున్నాడు. "భూములు కొనుడు అమ్ముడు నేర్సుకునేటందుకు గంత దూరం పోవాల్నా బిడ్డా? కాజీపేటల ఏ బ్రోకర్‌నడిగినా నేర్పుతడు" అని చిన్నాయన ఫోన్లో మొత్తుకున్నాడు. నవ్వాను గానీ, అసలు ఈ చదువు ఎక్కడ పుట్టిందా అని కాస్త తవ్వాను.

భూమిని యూనివర్సిటీ పాఠంగా మార్చిన తొలి తరంలో రిచర్డ్ ఈలీ అనే ఆర్థికవేత్త ఉన్నాడు. 1920లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో భూమి ఆర్థికశాస్త్రం కోసమే ఒక పరిశోధన సంస్థ పెట్టాడు. ఎమ్ఐటీ 1983లో రియల్ ఎస్టేట్ సెంటర్ తెరిచింది. తమ్ముడు పంపిన సిలబస్ చూశా. వాల్యుయేషన్, ఫైనాన్స్, క్యాష్ ఫ్లో... బాగానే ఉంది. కానీ భూమి ఎవరిదో ముందే తేలిపోయిందన్నట్టు మొదలవుతుంది. అక్కడ ఏదన్నా తేడా వస్తే చూసుకోడానికి టైటిల్ ఇన్సూరెన్సు ఉంది మరి. మన దగ్గర 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కాగితాన్ని రిజిస్టర్ చేస్తుంది, హక్కుని కాదు. మన భాషలో చెప్పాలంటే ట్రాన్సాక్షన్ లాగ్ ఉంది, ఓనర్ టేబుల్ లేదు.

ఆ టేబుల్ ఎందుకు లేదో తెలియాలంటే పాలకుర్తి వెళ్ళాలి (2016 దాకా అది వరంగల్ జిల్లాలోనే ఉండేది). సాలార్‌జంగ్ 1860లలో శిస్తు వసూలు పని దేశ్‌ముఖుల చేతుల్లోంచి తీసేశాడు. కానీ తర్వాత సర్వే సెటిల్మెంట్లు జరిగినప్పుడు ఊరి లెక్కలు తెలిసినవాళ్ళు వాళ్ళూ, పట్వారీలే. దున్నేవాడొకడు, పట్టాలో పేరొకడిది. విసునూరు రామచంద్రారెడ్డి కింద దాదాపు 40 వేల ఎకరాలుండేవి. చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని పండించిన చేను మీద కూడా ఆయన కన్ను పడింది. పంట కోసుకు రమ్మని మనుషుల్ని పంపితే సంఘం వాళ్ళు తరిమేశారు. ఆ గొడవంతా ఒక్క ప్రశ్న మీదే: ఈ భూమి ఎవరిది?

పోరాటం తర్వాత 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారుకి యాజమాన్యం ఇచ్చే 38-ఇ సెక్షన్‌ని 1973 జనవరి 1 నుంచి తెలంగాణలో చాలాచోట్ల అమలు చేశారు. కాగితం మీద గొప్ప మార్పు. అయితే ఆ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన పహాణీలో పేరు మారాలని లేదుగా! మనుషులు మాత్రం ఆగలేదు, తెల్లకాగితం మీద రాసుకుని అమ్ముకున్నారు, కొనుక్కున్నారు. అదే సాదాబైనామా.

ఇదంతా నాకెందుకంటే, తమ్ముడి ఫీజు కోసం చిన్నాయన అమ్మబోయిన రెండెకరాలు సరిగ్గా అలాంటివే. ఎనభైల్లో మా తాత ఒక రక్షిత కౌలుదారు దగ్గర తెల్లకాగితం మీద కొన్నాడు. నలభై ఏళ్ళుగా దున్నుతున్నది మనవాళ్ళే. 2020లో క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టారు. ఆ అక్టోబరులోనే ధరణితో పాటు కొత్త చట్టం వచ్చి 1971 నాటి పాత చట్టం పోయింది, దరఖాస్తు ఇరుక్కుపోయింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆ పాత దరఖాస్తులకి మళ్ళీ దారి తెరిచింది. అయినా కొనడానికొచ్చినాయన కాగితం చూసి "పట్టా అయినంక మాట్లాడుదాం" అని లేచాడు.

"అన్నా, గీ సబ్జెక్టు ఆడ ఎవరన్న చెప్తరా?" అని అడిగాడు తమ్ముడు. సిలబస్ మళ్ళీ మొత్తం వెతికాం. లేదు.

ప్రస్తుతం వాడు తాతకి అమ్మినాయన 38-ఇ సర్టిఫికెట్ నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. క్లాసులు ఆగస్టులో మొదలు.