నల్లమల ఆగింది, తుమ్మలపల్లె ఆగలేదు. ఎందుకు?

యురేనియం అనగానే 2019 నాటి 'సేవ్ నల్లమల' గుర్తొస్తుంది కదా. చెంచులు వద్దన్నారు, సినిమావాళ్లూ గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

మరి మన పులివెందుల పక్కన తుమ్మలపల్లె? అక్కడ 2007లోనే గనికి శంకుస్థాపన అయింది. బోరు నీళ్లు చెడిపోయాయి, అరటి తోటలు ఎండిపోతున్నాయి అని చుట్టుపక్కల రైతులు మొత్తుకున్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు కూడా ఇచ్చింది. గని మాత్రం ఆగలేదు.

ఒక తేడా చట్టంలోనే ఉంది. అడవిలో గిరిజనులకి 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. దాని బలంతోనే 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని తిప్పికొట్టాయి. కడప మెట్ట రైతుకి ఆ అండ లేదు. ప్రజాభిప్రాయ సేకరణలో ఎంత గట్టిగా వద్దన్నా, అది అభిప్రాయమే, ఓటు కాదు.

అయినా మీ ఊళ్లో అది పెడితే తప్పకుండా వెళ్లండి. మీ మాట రికార్డులో రాయించండి.