చక్కీ తిప్పిన చేయి, నరికేసిన చేయి

మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ సాబ్ హస్రత్ మొహానీ గురించి చెప్పినప్పుడు గజళ్ల గురించే చెప్పారు. ఆ వయసులో మాకు అదే మజా. 'నికాహ్' సినిమాలో గులాం అలీ పాడిన గజల్ ఈయన రాసిందేనని తెలిసి మురిసిపోయాం. ఆయన సహాఫీ అనీ, పత్రిక నడిపినందుకు జైల్లో చక్కీ తిప్పాడనీ మాకెవరూ చెప్పలేదు. నేను పత్రికలో చేరి, నాలుగు వార్తలు రాసి, రెండు బెదిరింపు ఫోన్లు అందుకున్నాక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు.

మన దేశంలో ఖలానికీ కైదుకూ రిష్తా పాతది. 1857లో ఢిల్లీ తిరగబడినప్పుడు మౌల్వీ ముహమ్మద్ బాఖర్ 'దెహ్లీ ఉర్దూ అఖ్బార్' నడుపుతున్నారు. ఆ రోజుల్లో దాని పేరును 'అఖ్బారుజ్జఫర్'గా మార్చి, బహదూర్ షా జఫర్ పక్షాన నిలిచారు. అదే ఏడాది జూన్‌లో గవర్నర్ జనరల్ కానింగ్ కొత్త చట్టం తెచ్చాడు. లైసెన్సు లేకుండా ప్రెస్సు నడపకూడదు, సర్కారుకు నచ్చకపోతే ఆ లైసెన్సు లాగేసుకోవచ్చు. జంగ్ మొదలవగానే హుకూమత్ చేయి ముందుగా పడేది ప్రెస్సు మీదే. సెప్టెంబరులో ఢిల్లీ మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. కొద్ది రోజులకే బాఖర్ సాబ్ ప్రాణం తీశారు. ఆయన కొడుకు ముహమ్మద్ హుసేన్ ఆజాద్ ఇల్లూ ఊరూ వదిలి దిక్కుతోచక తిరిగారు. ఉర్దూ షాయిరీ తారీఖ్ 'ఆబ్-ఎ-హయాత్' రాసిన ఆజాద్ ఈయనే.

ఇక హస్రత్ సంగతి. 1903లో అలీగఢ్‌లో 'ఉర్దూ-ఎ-ముఅల్లా' మొదలుపెట్టారు. అందులో అదబ్ ఉండేది, సియాసత్ కూడా ఉండేది. 1908లో ఈజిప్టులో ఇంగ్లీషువాళ్ల పాలనను విమర్శిస్తూ ఒక మజ్మూన్ అచ్చయింది. రాసినవాళ్ల పేరు వేయలేదు. ఎక్కడి ఈజిప్టు, ఎక్కడి అలీగఢ్! అయినా సర్కారు బగావత్ ఇల్జామ్ మోపింది. రాసిందెవరో చెప్పమని అడిగితే హస్రత్ నోరు విప్పలేదు. పత్రిక నాది, జిమ్మేదారీ నాది అని నిలబడ్డారు. కఠిన కారాగార శిక్ష వేశారు, దానిపైన జుర్మానా.

జైల్లో ఆయనకిచ్చిన పని గోధుమలు విసరడం. రోజుకు ఒక మణుగు. షాయిర్ అనీ, బీఏ చదివినవాడనీ ఎవరూ చూడలేదు. బయట జుర్మానా వసూలు కోసం ఆయన కుతుబ్‌ఖానాను వేలం వేశారు. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న అరుదైన కితాబులు కారుచౌకగా పోయాయి. ఆ జైలు రోజుల ముచ్చట్లను ఆయన 'ముషాహిదాత్-ఎ-జిందాన్'లో రాసుకున్నారు. ఇంటి దగ్గర ఆయన బేగం నిషాతున్నిసా ఉన్నారు. సంసారం గడవడం కష్టమైనా, మాఫీ అడగమని ఆమె ఎన్నడూ అనలేదు. తర్వాతి రోజుల్లో తానే ఖిలాఫత్ జల్సాల్లో, కాంగ్రెస్ సభల్లో నిలబడి మాట్లాడారు. జైలుకెళ్లిన సహాఫీల కథలు చెప్పుకునేటప్పుడు ఈ ఇల్లాళ్ల సబర్ సంగతి మనం మరిచిపోతుంటాం.

హస్రత్ ఒక్కరే కాదు. 1910 ప్రెస్ యాక్ట్ జమానత్ పేరుతో పత్రికల గొంతు పిసికింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక మౌలానా ఆజాద్ 'అల్ హిలాల్' మూతపడింది. ఆయన 'అల్ బలాగ్' తెస్తే, బెంగాల్ నుంచే వెళ్లగొట్టి రాంచీలో నిర్బంధించారు. 'కామ్రేడ్' నడిపిన మహమ్మద్ అలీ జౌహర్‌దీ అదే గతి. అదాలత్ లేదు, విచారణ లేదు, సంవత్సరాల తరబడి నజర్‌బందీ.

ఇదంతా ఇంగ్లీషువాళ్ల జమానాతో పోయిందనుకుంటే పొరపాటు. అల్ జజీరా కెమెరామన్ సామీ అల్ హాజ్‌ను 2001 డిసెంబరులో పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దులో పట్టుకున్నారు. గ్వాంటనామోలో పెట్టి, ఒక్క నేరం కూడా మోపకుండానే 2008 మేలో వదిలేశారు. ఆరేళ్లకు పైగా కైదు. ఆయన చేతిలో ఉన్నది కెమెరా.

ఇక్కడిదాకా చెప్పడం మనకు సులువు. జాలిమ్ వేరేవాడు, మజ్లూమ్ మనవాడు. కానీ మన హైదరాబాద్‌లోనే జరిగిన ఒక వాఖియా ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి మన పెద్దల గొంతు తగ్గిపోతుంది.

షోయబుల్లా ఖాన్ ఉస్మానియాలో చదువుకున్న పిల్లవాడు. మందుముల నరసింగరావు 'రయ్యత్' పత్రికలో పనిచేశారు. నిజాం సర్కారు దాన్ని మూసేయించాక 1947 నవంబరులో సొంతంగా 'ఇమ్రోజ్' మొదలుపెట్టారు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు. ఉర్దూలోనే, ముస్లింల మధ్యనే ఉండి, రజాకార్లు చేస్తున్నది జుల్మ్ అని రాశారు. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాశారు. అదే మాట చెప్పిన కొందరు ముస్లిం పెద్దల ప్రకటననూ అచ్చువేశారు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి నడిచి వెళ్తుంటే దారిలో కాల్చారు, రాసే చేతిని నరికారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. 27 ఏళ్ల వయసు.

నెల తిరగకుండానే పోలీస్ యాక్షన్ వచ్చింది. ఆ తర్వాత పల్లెల్లో, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలు వేలల్లో ఖతల్ అయ్యారు. నిజం తేల్చడానికి వేసిన సుందర్‌లాల్ కమిటీలో ఒక సభ్యుడు ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్. ఆయనా హైదరాబాద్ సహాఫీనే, 'పయామ్' ఎడిటర్. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని ఆ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను హుకూమత్ దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

ఆ రిపోర్టు దాచారని మనకు గుస్సా ఉంది. ఉండాలి. మరి షోయబుల్లా పేరు మన దస్తర్‌ఖాన్ దగ్గర ఎందుకు వినపడదు? ఇంకో పక్క కొందరు ప్రతి సెప్టెంబరులో షోయబుల్లా పేరు గట్టిగా తలుస్తారు, సుందర్‌లాల్ పేరెత్తరు. ఎవరికి ఇబ్బందైన సగాన్ని వాళ్లు దాచుకుంటున్నారు. మూడు వారాల తేడాతో, ఒకే గడ్డ మీద జరిగినవి ఇవి. రెండూ చెప్పకుండా తారీఖ్ పూర్తి కాదు.

సొంతవాళ్లకు వ్యతిరేకంగానైనా సరే గవాహీ దాచొద్దని మన దీన్ నేర్పింది. షోయబుల్లా చేసింది అదే. ఖాజీ సాబ్ చేసిందీ అదే. సర్కారును ప్రశ్నించే ఖలం మనకు ఇష్టం. మనల్ని ప్రశ్నించే ఖలాన్ని కూడా కాపాడుకుంటేనే ప్రెస్సు ఆజాదీ గురించి మాట్లాడే హఖ్ మనకుంటుంది.

ఈసారి మీ పిల్లలు ఆ గజల్ వింటుంటే, రాసినాయన జైల్లో చక్కీ తిప్పాడని చెప్పండి. అదే పూట ఇమ్రోజ్ సంగతి కూడా చెప్పండి. వాళ్లు సవాళ్లు అడుగుతారు. అడగనివ్వండి.