చెరువుల నిర్వహణలో ప్రజా భాగస్వామ్యం: తెలుగు ప్రాంతాల చరిత్ర

వాననీటిని కట్ట వేసి నిలిపి, తూముల గుండా ఆయకట్టుకు పారించే చెరువుల బాగోగుల్లో ఊరివారు పాలుపంచుకునే ఏర్పాట్లన్నీ ఈ శీర్షిక కిందికి వస్తాయి. కట్ట మరమ్మతు, పూడికతీత, నీటి పంపకం, కరువు ఏట ఎంత మేర సాగు చేయాలన్న నిర్ణయం ఇందులో ముఖ్యమైనవి. ప్రభుత్వ పత్రాల్లో 'భాగస్వామ్యం' అన్న మాట 1990ల తర్వాతే విరివిగా కనిపించినా, ఏర్పాట్లు శతాబ్దాల నాటివి. ఈ చరిత్రను రెండు రకాలుగా చెప్పడం పరిపాటి. ఊళ్లు తమ చెరువులను తామే చూసుకుంటుంటే సర్కారు వచ్చి చెడగొట్టిందని కొందరంటారు. రైతులకు చైతన్యం లేదు, ప్రభుత్వమే నేర్పాలని మరికొందరంటారు. ఆధారాలు ఈ రెండింటికీ పూర్తిగా లొంగవు. చెరువు మీద వచ్చే రాబడి, నీటి పంపకంలో మాట, మరమ్మతు బాధ్యత ఒకే చోట ఉన్నంతకాలం జనం చేయి చెరువు మీద ఉంది; ఆ మూడూ తలా ఒక చోటికి పోయినప్పుడల్లా భాగస్వామ్యం కాగితం మీదే మిగిలింది.

చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా, పుణ్యకార్యంగా ఎంచిన కాలంలోనూ పుణ్యం ఒక్కటే కట్టను నిలబెట్టలేదు. కాకతీయుల ఏలుబడిలో రామప్ప, పాకాల, లక్నవరం వంటి పెద్ద చెరువులు పాలకులు, వారి సామంతులు కట్టించినవే. ఇప్పటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) మరింత వివరం ఇస్తుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన ఈ చెరువు పని రెండేళ్లు సాగిందని, వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు పనిచేశాయని, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఏవో అందులో చెక్కించారు. అంటే నిర్మాణానికి పెట్టుబడి, నైపుణ్యం పైనుంచే వచ్చాయి. ఊరి పాత్ర ఆ తర్వాత మొదలవుతుంది. చెరువు కట్టించినవారికో, బాగుచేసినవారికో ఆయకట్టులో పన్ను లేని లేదా తక్కువ పన్నున్న భూమిని 'దశబంధం' పేరిట మాన్యంగా ఇచ్చేవారు. కట్టను కాపాడినంత కాలమే ఆ మాన్యం. తూము తీసి మూసే నీరటికి పంటలో మేర ఉండేది. తెలంగాణలో, చెరువులో నీరు తక్కువైన ఏట ఎవరి పొలం ఎంత తడపాలో ముందే కూర్చుని తేల్చుకునే 'తైబందీ' ఉండేది. ఈ మూడింటిలోనూ పనికి ప్రతిఫలం ఆ చెరువు నీటి నుంచే పుట్టింది.

కంపెనీ పాలనలో రైత్వారీ పద్ధతి వచ్చాక లెక్క మారింది. పండిన పంటలో ఊరి ఖర్చులకు పక్కన పెట్టే భాగాలు భూమి శిస్తులో కలిసిపోయాయి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇనాముల విచారణ జరిగి, చాలా సేవా మాన్యాలు సేవతో సంబంధం లేని సొంత ఆస్తులుగా మారాయి. రాబడి ఖజానాకు చేరింది, పని మాత్రం ఊరి నెత్తిన ఉండిపోయింది. రైతులు చేయవలసిన చిల్లర మరమ్మతును 'కుడిమరామత్తు' అన్నారు. అది తనంతట తాను జరగకపోవడంతో మద్రాసు ప్రభుత్వం 1858లో ఏకంగా చట్టమే చేసింది. గండి పడే ప్రమాదం ఉన్నప్పుడు జనాన్ని బలవంతంగా పనికి రప్పించే అధికారం దాని ద్వారా అధికారులకు దక్కింది. స్వచ్ఛందమని చెప్పే పనికి నిర్బంధ చట్టం కావలసి రావడమే ఆ ఏర్పాటు అప్పటికి ఎంత డొల్లగా మారిందో చెబుతుంది. 1876–78 నాటి మహా కరువు తర్వాత, 1883లో, చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. కట్ట ఎత్తు, తూము కొలతలు, నిల్వ సామర్థ్యం ఇంజినీర్లు నమోదు చేసి ప్రమాణాలు నిర్ణయించారు. ఆ రికార్డులు విలువైనవే, కాదనలేం. కానీ చెరువు గురించి తెలిసినవాడు నీరటి కాదు, ఓవర్సీరు అన్న భావన పాతుకుపోయింది కూడా అప్పటినుంచే.

పాత పద్ధతిని ఇలా చెబితే దాన్ని బంగారు యుగంగా చూపుతున్నారన్న అభ్యంతరం వస్తుంది. అభ్యంతరం న్యాయమైనదే. నీరటి పని చాలా ఊళ్లలో దళిత కుటుంబాలకు వంశపారంపర్యంగా అంటగట్టినది. పూడిక తీసిన చేతులకు ఆయకట్టులో సెంటు భూమి లేని సందర్భాలు కోకొల్లలు. వెట్టికీ కుడిమరామత్తుకూ మధ్య గీత అన్నిచోట్లా స్పష్టంగా ఉండేది కాదు. తైబందీలో పెద్ద రైతు మాటే చెల్లేది. కాబట్టి పాత ఏర్పాటు సమానత్వానికి నమూనా కాదు. అది ఎందుకు నిలిచిందన్నది మాత్రం వేరే ప్రశ్న. అన్యాయంగా ఉన్నా, చూసుకోవలసిన మనిషి ఎవరో, అతనికి ముట్టేది ఎక్కడినుంచో అందులో తేలిపోయి ఉండేవి. తర్వాతి సంస్కరణలు అన్యాయాన్ని తొలగించే క్రమంలో ఆ స్పష్టతను కూడా తుడిచిపెట్టాయి, బదులుగా ఏమీ పెట్టలేదు.

స్వాతంత్ర్యానంతరం ఇదే జరిగింది. 1950ల ఇనాముల రద్దు చట్టాలు, 1984లో కరణం, మునసబు పదవుల రద్దు సామాజికంగా అవసరమైనవే. అయితే వాటితో పాటు ఊరి స్థాయి నీటి యంత్రాంగం కూడా సడలిపోయింది. నూరెకరాల లోపు ఆయకట్టున్న చెరువులు పంచాయతీరాజ్ వ్యవస్థకు, అంతకు మించినవి చిన్ననీటి పారుదల శాఖకు వెళ్లాయి. నీటి తీరువా రెవెన్యూకు, చేపల పాట చోటును బట్టి పంచాయతీకో మత్స్యశాఖకో, శిఖం (చెరువు గర్భం) భూముల లెక్క మళ్లీ రెవెన్యూకు. ఒక్క చెరువుకు ఇన్ని గుమ్మాలు. అలుగు కూలితే ఏ గుమ్మం ఎక్కాలో రైతుకు తెలియలేదు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం ఈ చిక్కును విప్పడానికి దేశంలో జరిగిన ప్రయత్నాల్లోకెల్లా పెద్దది. ఆ ఏడాది జూన్‌లో పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఒకేసారి ఎన్నికలు జరిగాయి. వాటిలో అత్యధికం చిన్ననీటి వనరుల సంఘాలే. ఇంచుమించు అదే సమయంలో నీటి తీరువాను సుమారు మూడింతలు పెంచి, వసూలైన దానిలో కొంత సంఘాలకే తిరిగి ఇస్తామన్నారు. మొదటి ఏళ్లలో కాలువల పూడికతీత, తూముల మరమ్మతు సంఘాల చేతుల మీదుగా జరిగిన మాట నిజం. చివరి భూములకు నీరందిన చోట్లు కూడా ఉన్నాయి. అయితే తీరువా వసూలు రెవెన్యూ సిబ్బంది చేతిలోనే ఉండిపోయింది, పనుల నిధులు ప్రభుత్వ గ్రాంటు రూపంలోనే వచ్చాయి. గ్రాంటు వచ్చిన ఏడు సంఘం లేచి కూర్చునేది, రానప్పుడు పడుకునేది. అధ్యక్షుడే చాలాచోట్ల పనుల కాంట్రాక్టరు అవతారం ఎత్తాడు. పైగా ఓటు ఆయకట్టు భూమితో ముడిపడింది. పట్టా మగవాళ్ల పేరున ఉండే ఊళ్లలో స్త్రీలు, భూమిలేని కూలీలు, చెరువులో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు సంఘానికి బయటే ఉండిపోయారు.

రాజ్యాంగం 73వ సవరణ ద్వారా చేర్చిన పదకొండో షెడ్యూలులో చిన్ననీటి పారుదల పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ఒకటి. అలాంటప్పుడు వేరే సంఘాలెందుకన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. ఆయకట్టు సరిహద్దు పంచాయతీ సరిహద్దుతో కలవదని, గ్రామ రాజకీయాలు నీటిలోకి రాకూడదని చట్టం సమర్థకులు వాదించారు. మొదటి కారణంలో బలముంది. రెండోది మాత్రం నిలవలేదు. సంఘాల ఎన్నికల్లోకీ పార్టీలు దిగాయి. గ్రామసభకు జవాబు చెప్పనవసరం లేని సమాంతర సంస్థలు పెట్టడం వల్ల పంచాయతీ తన చెరువు మీద ఆసక్తి కోల్పోయింది, సంఘానికి తన సొంత రాబడి దొరకలేదు.

అసలు బోర్లు వచ్చాక చెరువు సంగతే పాతబడిందనేది మరో వాదన. ఆయకట్టులోనే సొంత బోరున్న రైతుకు తూము దగ్గర కాపలా కాయవలసిన పని లేదు, నిజమే. కానీ ఆ బోరులో ఊరే నీరు చెరువుదే. ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన రైతుల భూగర్భ జల నిర్వహణ పథకం ఈ సంబంధాన్ని రైతుల చేతనే కొలిపించింది. వాన, బావుల నీటిమట్టం తామే నమోదు చేసి, రబీకి ముందు ఊరంతా నీటి లెక్క వేసుకుని పంట ఎంచుకున్నారు. ఒకరకంగా కొత్త తైబందీ. ఇక్కడ డబ్బు, అధికారం ఇవ్వకుండానే సమాచారం ఒక్కటే పంటల తీరు మార్చింది కదా అని అడగవచ్చు. మార్చింది, తన బోరు ఎండకుండా ఉండటం ఎవరికి వారికి లాభమైనంత మేరకు. ఉమ్మడి కట్టకు డబ్బు పెట్టే పని అది తలపెట్టలేదు.

తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయ దాదాపు 46 వేల చిన్ననీటి వనరుల పునరుద్ధరణను తలపెట్టింది. ఇందులో గమనించవలసినది పూడికమట్టి. సర్కారు ఖర్చుతో తవ్వారు, ట్రాక్టరు కిరాయి రైతులు పెట్టుకున్నారు. రైతులు సొంత డబ్బుతో మట్టి తోలుకుపోయారు, ఎందుకంటే అది నేరుగా వాళ్ల చెలకల్లోకి వెళ్లింది. అదే పథకంలో కట్ట, తూము, మత్తడి పనులు టెండర్ల ద్వారా కాంట్రాక్టర్లకు వెళ్లాయి. వాటిని ఆ తర్వాత చూసుకునే పనీ హక్కూ రైతులకు అప్పగించలేదు. 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడంతో మత్స్య సహకార సంఘాల వాటా మరింత బరువెక్కింది. వేసవి దాకా నీరు నిలవాలని వాళ్లు, యాసంగి పంటకు తూము తీయాలని ఆయకట్టు రైతులు కోరడం సహజం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో సాగునీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. అక్కడ కూడా ఓటు ఆయకట్టు భూమికే ఉంది, మత్స్యకారులకు ఆ హోదాలో ఓటు లేదు.