హుండీ నుండి ఫోను దాకా: డబ్బు ఇచ్చే మాట



దగ్గరలో వంద రూపాయల నోటు ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. వెనుకవైపు ఒక పక్కగా దాని విలువ పదిహేను భాషల్లో వరుసగా అచ్చయి ఉంటుంది. కింది నుండి రెండో వరుసలో మన తెలుగు ఉంది. దానికి పైన తమిళం, కింద ఉర్దూ. కన్నడం, మరాఠీ, ఒడియా కూడా ఆ పట్టీలోనే ఉన్నాయి. మన ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నా నోటు మనతో మన భాషలో మాట్లాడుతుంది. ఇప్పుడు ఆ నోటు చేసే పని చాలావరకు ఫోను చేస్తున్నది. మరి ఫోను మనతో ఏ భాషలో మాట్లాడుతున్నది? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని, డబ్బు చేతులు మారే పద్ధతులు, వాటి వెంట వచ్చిన చట్టాలు ఎలా పెరిగాయో ఈరోజు ముచ్చటించుకుందాం.

హుండీ అనగానే మనకు గుడిలో కానుకలు వేసే పెట్టె గుర్తుకు వస్తుంది. కాని వర్తకుల భాషలో హుండీ అంటే ఒక కాగితం. ఒక ఊరి షావుకారు మరో ఊరి షావుకారుకు, ఈ కాగితం తెచ్చినవారికి ఇంత సొమ్ము ఇవ్వవలసిందని రాసే ఉత్తరువు. చూపగానే చెల్లేది దర్శనీ హుండీ. గడువు తీరాక చెల్లేది ముద్దతీ హుండీ. బజారులో పరువు గల వర్తకుని ద్వారానే చెల్లేది షాజోగ్ హుండీ. సొమ్ము అడుగుతున్న మనిషి ఎవరో తెలియకుండా ఇవ్వకూడదన్న జాగ్రత్త ఆ రోజుల్లోనే ఉందన్నమాట. దారిదోపిడీల కాలంలో డబ్బు మూటలు మోయకుండా వ్యాపారం సాగింది ఈ కాగితాల మీదనే. హుండీని వర్తకుడు తన భాషలో, తన లిపిలో రాసుకునేవాడు. 1881లో బ్రిటిషు ప్రభుత్వం చెక్కులకు, ప్రామిసరీ నోట్లకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చేసినప్పుడు కూడా, దేశభాషల్లో రాసుకునే ఇలాంటి పత్రాల విషయంలో స్థానిక ఆచారాన్ని కదిలించలేదు.

కాగితపు నోటు సంగతి వేరు. 1861 చట్టంతో నోట్లు వేసే అధికారం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అయితే ఆ నోటు దేశమంతటా ఒకేలా చెల్లేది కాదు. దేశాన్ని మండలాలుగా విడదీశారు. మద్రాసు, కలకత్తా, బొంబాయిలతో పాటు తరువాత మన కాకినాడ పేరుతో కూడా ఒక మండలం ఉండేది. ఒక మండలం నోటును మరో మండలంలో ఇచ్చి సొమ్ము తీసుకునే హక్కు ఉండేది కాదు. 1903లో ఐదు రూపాయల నోటుతో మొదలుపెట్టి, 1911 నాటికి వంద రూపాయల నోటు వరకు ఈ అడ్డు తొలగించారు.

సరిహద్దులో ఉన్న మనకు ఈ అడ్డు ఇంకొక రూపంలో కూడా తెలుసు. తుంగభద్రకు దక్షిణాన బళ్ళారిలో ఇంగ్లీషువారి రూపాయి, అంటే కల్దారు. ఉత్తరాన రాయచూరు నిజాం రాజ్యంలోది, అక్కడ హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. నది దాటితే లెక్క మారుతుంది, మార్పిడికి వట్టం పోతుంది. గుల్బర్గా, బీదరు, నాందేడుల్లోనూ హాలీ సిక్కాయే. 1950లో భారత రూపాయి దాని పక్కన వచ్చి నిలిచింది. 1959లో హాలీ సిక్కా పూర్తిగా రద్దయింది. ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాం కథ మరొకటి. అప్పట్లో ఇండోచైనా బ్యాంకు పుదుచ్చేరి శాఖ రూపాయి పేరుతోనే వేరే నోట్లు వేసేది.

పేదవాడి బ్యాంకు మాత్రం తపాలా కచేరీయే. 1880లో తపాలా శాఖ మనియార్డరు మొదలుపెట్టింది. ఖరగ్‌పూరు రైల్వేలోనో, బొంబాయిలోనో కూలి చేసుకునే మనిషి పంపిన పది రూపాయలు ఇంటి గుమ్మం ముందుకు వచ్చేవి. ఫారం చివర నాలుగు మాటలు రాసే చోటు ఉండేది. చదవడం రానివారికి పోస్టుమానే చదివి వినిపించేవాడు. డబ్బు వెంట ఒక గొంతు కూడా వచ్చేదన్నమాట.

రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న పని మొదలుపెట్టింది. చెక్కులు పెరిగాయి, చెల్లని చెక్కులూ పెరిగాయి. ఖాతాలో సొమ్ము లేకుండా చెక్కు ఇస్తే శిక్ష పడే నియమం అమలులోకి వచ్చింది మాత్రం 1989లో. ముందు పద్ధతి, తరువాత మోసం, ఆ తరువాత చట్టం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే చాలాసార్లు జరిగింది.

ఎలక్ట్రానిక్ చెల్లింపులకు మాత్రం కొంత ముందుగానే చూపు పడింది. 2007లో చెల్లింపుల వ్యవస్థల చట్టం చేశారు. రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఎవరూ ఇలాంటి వ్యవస్థ నడపకూడదన్నారు. 2008లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఏర్పడింది. అది 2016 ఏప్రిల్‌లో యూపీఐని తెచ్చింది. ఆ ఏడాది నవంబరు 8న ఐదువందలు, వెయ్యి రూపాయల నోట్లు రద్దయ్యాక జనం దానివైపు మళ్ళడం మొదలైంది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే యూపీఐ మీద రెండువేల కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. యూపీఐ కొత్త డబ్బు కాదు. బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బును కదిలించే ఉత్తరువు మాత్రమే, ఒక విధంగా దర్శనీ హుండీ వంటిదే. 2022 డిసెంబరు 1న ప్రజల కోసం ప్రయోగంగా మొదలైన డిజిటల్ రూపాయి వేరు. అది నోటులాగే రిజర్వు బ్యాంకు ఇచ్చే మాట. 2009లో పుట్టిన బిట్‌కాయిన్ ఆ రెండూ కాదు. దాని వెనుక పూచీపడే ప్రభుత్వం గాని బ్యాంకు గాని లేదు. దాని మీద వచ్చే లాభానికి 2022లో మన దేశంలో ముప్పై శాతం పన్ను వేశారు. పన్ను వేశారు గదా అని దానిని ప్రభుత్వం ఆమోదించిన డబ్బుగా భావించకూడదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. మన తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా మూడోవారి వలన సొమ్ము పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల లోపల తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండదని. మంచి నియమమే. కాని రహస్య సంఖ్య మనమే చెప్పివుంటే, బ్యాంకుకు తెలిపేవరకు పోయినది మన ఖాతాలోదే అని కూడా అందులోనే రాశారు. ఫోనుకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటలు అర్థం కాక సరేనని నొక్కిన ముసలమ్మ ఏ లెక్కలోకి వస్తుంది? డబ్బు ఇస్తామని నమ్మించి, డబ్బు అడిగే సందేశం పంపి దోచుకోవడం ఎంతగా పెరిగిందంటే, ఒక మనిషి మరో మనిషికి పంపే ఆ వసూలు సందేశాన్నే 2025 అక్టోబరు 1 నుండి ఆపివేశారు. దీనికీ ఆకులు ఆలస్యంగానే దొరికాయి.

అందుచేత చట్టం వచ్చేదాకా మన భాషే మనకు కాపు. యాప్‌లో తెలుగు ఉంటే దానినే పెట్టుకోండి. బ్యాంకుకు వెళ్ళినప్పుడు, ఈ సందేశం ఏం చెబుతోందని మొహమాటం లేకుండా అడగండి. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే ఆ పాత పోస్టుమాను పని వాళ్ళకు అప్పగించండి, పెద్దవాళ్ళకు చదివి వినిపించమనండి. ఒక్క మాట మాత్రం బాగా గుర్తుంచుకోండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కరలేదు. సొమ్ము పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయండి.

హుండీ అయినా, నోటు అయినా, ఫోను అయినా, డబ్బు అంటే ఒకరు మరొకరికి ఇచ్చిన మాట. అర్థం కాని మాటకు ఊఁ కొట్టకండి.