దైవసంఘాలలో బిడ్డల భద్రత: పెద్దల నైతిక బాధ్యత, చట్టం చెప్పునది

సేలం – జోలార్‌పేట రైలు మార్గంలో, సేర్వరాయన్ కొండల పక్కన ఉన్న ఊరు బొమ్మిడి. ధర్మపురి జిల్లా పాప్పిరెడ్డిపట్టి తాలూకాకు చెందిన ఈ ప్రాంతంలో తమిళం, తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా కలసి జీవించుచున్నవి. 1997లో సేలం మేత్రాసనం నుండి వేరై ధర్మపురి కతోలిక మేత్రాసనం ఏర్పడినది. కతోలిక దేవాలయాలతో పాటు ప్రొటెస్టెంటు సంఘాలు, స్వతంత్ర ప్రార్థనా మందిరాలు కూడ మన పల్లెలలో కలవు. ఆదివారపు బడి, వేసవి బైబిలు తరగతులు, గాన బృందం, హాస్టలు, ఉపవాస కూడికలు మొదలగు వాటికి మన బిడ్డలు నమ్మకంతో వెళ్ళుచున్నారు. ఆ నమ్మకాన్ని కాపాడుట ఎవరి బాధ్యత, అది చెదిరినప్పుడు ఏమి చేయవలెను అను విషయాలను ఈ వ్యాసం వివరించును.

నైతిక బాధ్యత అనగా నేమి?

అయ్యగారు, ఫాదరు, సిస్టరు, ఉపదేశి, ఆదివారపు బడి టీచరు – వీరి మాటను బిడ్డ ప్రశ్నించదు. ఇంటిలో తల్లిదండ్రులే వారికి నమస్కరించుట చూచిన బిడ్డ, వారి వలన కీడు కలిగినను తనదే తప్పని తలచును. అధికారం, గౌరవం, ఏకాంతం – ఈ మూడును ఒకచోట చేరినప్పుడే ప్రమాదం పుట్టును. కనుక భద్రత అనునది ఒక వ్యక్తి మంచివాడా కాడా అను ప్రశ్న కాదు. మంచివారికిని, చెడ్డవారికిని సమానంగా వర్తించు కట్టుబాటు సంఘంలో ఉన్నదా అనునదే ప్రశ్న. సువార్తలలో యేసు ఒక చిన్నబిడ్డను శిష్యుల మధ్య నిలిపి మాట్లాడిన సందర్భం విశ్వాసులందరు ఎరిగినదే. బిడ్డను మధ్యన నిలుపుట అనగా సంఘం పేరు కంటె బిడ్డ క్షేమాన్ని ముందుంచుట.

లోకానుభవం నేర్పిన పాఠం

2002లో అమెరికాలోని బోస్టన్ నగర పత్రిక ఒకటి, దోషులైన గురువులను శిక్షించక ఒక విచారణ నుండి మరొక విచారణకు బదిలీ చేసిన తీరును వెలికి తెచ్చినది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2013 నుండి 2017 వరకు రాయల్ కమిషన్ ద్వారా చర్చిలు, బడులు, ఇతర సంస్థలను విచారించినది. 2019లో పోప్ ఫ్రాన్సిస్ ఇట్టి నేరాలు తెలిసిన గురువులు, మఠవాసులు సంఘాధికారులకు తప్పక తెలుపవలెనని శాసించి, ప్రతి మేత్రాసనంలోను ఫిర్యాదు మార్గం ఉండవలెనని ఆదేశించిరి. 2023లో ఆ శాసనం శాశ్వతమైనది.

మన పొరుగున కేరళలో కొట్టియూరు విచారణ గురువును, మైనరు బాలికపై అత్యాచారం చేసిన నేరానికి, 2019 ఫిబ్రవరిలో తలశ్శేరి ప్రత్యేక న్యాయస్థానం 20 సంవత్సరాల శిక్షకు గురి చేసినది. 2021లో హైకోర్టు దానిని 10 సంవత్సరాలకు తగ్గించినది. శిక్ష కాలం తగ్గినను నేర నిర్ణయం నిలిచినది.

మన జిల్లాకు మరొక పాఠం కలదు. అది చర్చికి సంబంధించినది కాదు. అరూరు సమీపంలోని వాచాత్తి గ్రామంలో 1992 జూన్‌లో అటవీ, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులు జరిపిన దౌర్జన్యంలో 18 మంది స్త్రీలు అత్యాచారానికి గురియైరి. 2011లో ధర్మపురి న్యాయస్థానం నిందితులలో జీవించి ఉన్న 215 మందిని దోషులుగా తేల్చినది. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును సమర్థించినది. బలవంతుల నేరం వెల్లడి కావలెనన్న బలహీనుల పట్టుదల ఎంత అవసరమో, మొదటి దినమే ఫిర్యాదు నమోదు కాకున్న న్యాయం ఎన్ని ఏండ్లు ఆలస్యమగునో ఈ ఉదంతం చెప్పును.

చట్టం ఏమి చెప్పుచున్నది?

లైంగిక నేరముల నుండి బాలల రక్షణ చట్టం – పోక్సో – 2012 నవంబరు 14న అమలులోనికి వచ్చినది. 18 ఏండ్లలోపు బాలురకు, బాలికలకు సమానంగా వర్తించును. ముఖ్యాంశాలు ఇవి:

1. మత సంస్థ యాజమాన్యంలో లేక సిబ్బందిలో ఉన్నవారు ఆ సంస్థలోని బిడ్డపై చేసిన నేరం సాధారణ నేరం కంటె తీవ్రమైనదిగా పరిగణింపబడును. అత్యాచారం విషయంలో, 2019 సవరణ తరువాత, కనీస శిక్ష 20 సంవత్సరాలు.

2. నేరం జరిగినదని తెలిసిన ఏ వ్యక్తి అయినను పోలీసులకు తెలుపవలెను. తెలుపనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును. సంస్థ బాధ్యుడు తన క్రింది ఉద్యోగి నేరాన్ని దాచినచో ఒక సంవత్సరం వరకు జైలు, జరిమానా. గురువు, పాస్టరు అను హోదా వలన మినహాయింపు లేదు.

3. సదుద్దేశంతో తెలిపినవారిపై కేసు పెట్టుటకు వీలులేదు.

4. బిడ్డ వాఙ్మూలాన్ని ఇంటి వద్ద గాని, బిడ్డ కోరిన చోట గాని నమోదు చేయవలెను. సాధ్యమైనంత వరకు మహిళా ఎస్.ఐ. స్థాయి అధికారి, యూనిఫారం లేకుండ రావలెను. బిడ్డను రాత్రి వేళ స్టేషన్‌లో ఉంచరాదు.

5. బిడ్డ పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టరాదు. సంఘ ప్రార్థనలో పేరు చెప్పి విజ్ఞాపన చేయుట కూడ ఆ బిడ్డను బయటపెట్టుటే.

సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేక గమనిక

ఇంట తెలుగు, బడిలో తమిళం మాట్లాడు బిడ్డలు బాధ కలిగినప్పుడు తల్లిభాషలోనే చెప్పగలరు. అర్థంకాని భాషలో ఫిర్యాదు వ్రాయబడుచున్నచో అనువాదకుని ఏర్పాటు చేయవలెనని పోక్సో చట్టమే నిర్దేశించుచున్నది. వ్రాసినది తెలుగులో చదివి వినిపించుమని అడుగుట మీ హక్కు. వినకుండ సంతకం చేయరాదు.

సంఘటన కుప్పం వైపు జరిగిన కూడికలో గాని, హోసూరు హాస్టలులో గాని కావచ్చును. నేరం ఎక్కడ జరిగినను దగ్గరి స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు చేయవలెనని 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది. “అది మా పరిధి కాదు” అని త్రిప్పి పంపరాదు.

“రాజీ” అను పెద్దల మాట

ఊరి పెద్దలు, సంఘ పెద్దలు కూర్చుండి డబ్బుతోనో, క్షమాపణతోనో ముగించుట చట్టానికి విరుద్ధం. ఒక ఉపాధ్యాయునిపై ఉన్న ఇట్టి కేసును రాజీ పేరుతో రద్దు చేసిన హైకోర్టు ఉత్తర్వును 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు కొట్టివేసినది. క్షమించుట విశ్వాసి హృదయానికి సంబంధించినది. విచారణ, శిక్ష న్యాయస్థానానికి సంబంధించినవి. ఒకటి రెండవదానికి బదులు కానేరదు.

బిడ్డ చెప్పినప్పుడు

ఓపికగా వినుడు. “నీ తప్పు కాదు” అని చెప్పుడు. మరల మరల ప్రశ్నించి బాధపెట్టరాదు. అనుమానితుని పిలిచి మీరే విచారించరాదు. బట్టలు ఉతకక, వైద్య పరీక్ష ఆలస్యం చేయక, వెంటనే 1098 బాలల సహాయ సంఖ్యకు గాని, 112కు గాని, సమీప మహిళా పోలీసు స్టేషన్‌కు గాని తెలుపుడు. జిల్లా న్యాయసేవల సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేయును. దాని సహాయ సంఖ్య 15100.

సంఘం చేయవలసిన ఏర్పాట్లు

బిడ్డతో ఏ ఒక్క పెద్దవారును మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు. కనీసం ఇద్దరు ఉండవలెను. క్రొత్తగా వచ్చిన బోధకుని గూర్చి అతడు మునుపు పనిచేసిన చోట విచారించవలెను. హాస్టలులో బాలికల విభాగానికి మహిళా వార్డెను ఉండవలెను. పదిమంది లేక అంతకు మించి పనిచేయు సంస్థలో 2013 నాటి చట్టం ప్రకారం మహిళల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి. పై అధికారి లేని స్వతంత్ర సంఘాలు ఒక మహిళతో సహా ముగ్గురు పెద్దలను ఈ పనికి నియమించుకొనుట మేలు. వారు బోధకుని బంధువులు కారాదు. సహాయ సంఖ్యలను తెలుగు, తమిళం రెంటిలోను మందిరపు ద్వారం వద్ద బిడ్డలకు అందు ఎత్తున వ్రాసి అంటించవలెను.

ఇట్టి నియమాలు పెట్టిన సంఘం తన బోధకుని అనుమానించినట్లు కాదు. నిరపరాధియైన సేవకుని నిందల నుండి కాపాడునవి కూడ ఇవే. తమ మందిరంలో ఈ ఏర్పాట్లు ఉన్నవా అని వచ్చే ఆదివారం పెద్దలను అడుగుట ప్రతి తల్లికి, ప్రతి తండ్రికి తగిన పని.